పద్దెనిమిది నిండిన మర్నాడు

“మా తరవాత వీణ్ణి ఎవరు చూస్తారు?” ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసినచోట తప్పక వినిపించే ప్రశ్న ఇది. చట్టం అంతదాకా ఆగదు. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండగానే, అమ్మానాన్నలు ఎదురుగా ఉండగానే, వాళ్ల సహజ సంరక్షకత్వం ముగిసిపోతుంది. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలిసేది బ్యాంకు కౌంటర్ దగ్గరో, ఆస్తి కాగితాల మీద సంతకం అవసరమైనప్పుడో.

ఈ విషయంలో మన దేశంలో రెండు చట్టాలున్నాయి. చిత్రంగా రెండింటిలోనూ సంరక్షకత్వం గురించి చెప్పేది 14వ సెక్షనే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి సభ్యులుగా ఉన్న స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. అలా నియమితులైనవారు ఆర్నెల్లలో ఆస్తిపాస్తుల జాబితా, ఆపైన ఏటా లెక్కలు ఒప్పజెప్పాలి. కన్నతల్లికీ మినహాయింపు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దారి వేరు. అది ‘పరిమిత సంరక్షకత్వం’ అంటుంది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, అదీ ఆ వ్యక్తి ఇష్టాన్ని అనుసరించి.

ఈ రెండూ ఒకదానికొకటి చుక్కెదురని వాదించడం తేలిక. కానీ పాత చట్టంలోనూ ఒక మాట ఉంది: అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏ పనులకు అన్నది కమిటీ పరిశీలించాలి. ఆ ‘ఏ పనులకు’ అన్నదానికి జవాబు దరఖాస్తు నింపే రోజున తోచదు. పన్నెండో ఏటినుంచీ ఇంట్లో తయారవుతూ రావాలి.

అలా తయారైన జీవితం ఒకటి వైద్య చరిత్రలోనే నమోదై ఉంది. 1943లో మనోవైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వర్ణించిన వ్యాసంలో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం వాడు. అతన్ని కొన్నేళ్లపాటు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. 1945లో కానర్ వెళ్లి చూశాడు. కొలతల పిచ్చి ఉన్న పిల్లవాడిచేత ఆ దంపతులు బావి తవ్వించి లోతెంతో చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్లు మళ్లీమళ్లీ లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. గుర్రాన్నీ నాగలినీ అతను మలుపు తిప్పిన తీరు చూసి కానర్ ఆశ్చర్యపోయాడు. మానిపించాలని అందరూ చూసే అలవాటును వాళ్లు పనిలో పెట్టారు!

డొనాల్డ్ తరవాత కాలేజీ డిగ్రీ తీసుకున్నాడు, ఇరవై ఏడో ఏట కారు నడపడం నేర్చుకున్నాడు, ఊళ్లోని బ్యాంకులో ఉద్యోగం చేశాడు. కన్నవాళ్లు పోయాక వాళ్ల ఇంట్లోనే ఒంటరిగా బతికి, 2023లో 89వ ఏట కన్నుమూశాడు. ఆ బ్యాంకు అతని తల్లి తరఫు వారిదన్నది దాచకూడని సంగతే. డబ్బుండబట్టి సాగిందని కొట్టిపారేయవచ్చు. నాగలి పట్టించింది మాత్రం డబ్బు కాదు.

మన దగ్గరికొస్తే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధోవైకల్యాల జాతీయ సంస్థ రూపొందించిన ఇసా (ISAA) కొలమానం 40 అంశాల మీద ఆటిజం తీవ్రతను లెక్కగడుతుంది. వైకల్య సర్టిఫికెట్‌కు అది కావాలి. పాల ప్యాకెట్ కొని చిల్లర లెక్కచూసుకోగలడా, గడ్డం గీసుకోగలడా, నెలసరి రోజుల్లో అమ్మాయి ప్యాడ్ తనే మార్చుకోగలదా, స్నానానికి వెళ్తే తలుపు గడియ వేసుకోవాలన్న ఊహ ఉందా అన్నది అందులో తేలదు. అవి అమ్మానాన్నలు గమనించి రాసుకోవలసినవి.

ఇంకో చిక్కు ప్రేమలోనే ఉంది. పదహారేళ్లవాడికి అన్నం కలిపి పెట్టే తల్లి చేతిని తప్పుపట్టడం కష్టం. కాని ఏ చొక్కా వేసుకుంటావని ఎన్నడూ అడగని ఇంట్లో, మాటలు రాని పిల్లవాడు తన ఇష్టాన్ని వేలితోనో బొమ్మల కార్డుతోనో చూపించడం ఎక్కడ నేర్చుకుంటాడు? అది తెలియకపోతే, 2016 చట్టం చెప్పే ‘ఆ వ్యక్తి ఇష్టం’ ఏమిటో దరఖాస్తు పట్టుకుని కూర్చున్న తండ్రి కూడా చెప్పలేడు.