మురికి పాతదే, అద్దం కొత్తది

నర్సంపేట నుంచి వరంగల్‌ వైపు వెళ్ళినా, మహబూబాబాద్‌ వైపు వెళ్ళినా, మల్లంపల్లి మీదుగా ములుగు దిక్కు మళ్ళినా కారు అద్దానికి అంటే సరుకు దాదాపు ఒకటే. ఎండాకాలంలో ఎర్ర దుబ్బ. తొలకరికి ఉసిళ్ళు. పాకాల ఆయకట్టు పొలాల పక్కన రాత్రిపూట పురుగులు. పత్తి, మిర్చి లారీల వెనక పడితే పొగ. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం పోయే బండ్లు లేపే ధూళి. నూరేళ్ళ కింద ఈ దారుల్లో మోటారు తిరిగి ఉంటే దానికీ ఇదే అంటుకునేది. మురికి మారలేదు, మారింది అద్దమే. మారిన ప్రతిసారీ అది తనను తుడిచే పద్ధతిని కూడా మార్చమంది. మన చెయ్యి మాత్రం ఎప్పుడూ ఒక తరం వెనకే ఉంటూ వచ్చింది.

చేతి పిడి కాలం

తొలి మోటార్లకు ముందద్దం ఉండి తీరాలన్న నియమం లేదు. ఉన్నా అది మామూలు కిటికీ అద్దమే. పగిలితే కత్తుల్లా ముక్కలయ్యేది, వానొస్తే ఏమీ కనిపించేది కాదు. అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్‌ న్యూయార్క్‌లో ఒక చలికాలపు రోజున ట్రామ్‌ ఎక్కారు. దారి కనబడక డ్రైవర్‌ అద్దం తెరిచి నడపడం చూశారు. లోపలి నుంచి పిడి తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే పరికరానికి 1903లో పేటెంటు పొందారు. కొనడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. తర్వాత ఇంజిన్‌ పీల్చే గాలితో కదిలే వైపర్లు వచ్చాయి. బండి ఎత్తు ఎక్కుతుంటే అవి నెమ్మదించేవి. 1926లో బాష్‌ కంపెనీ విద్యుత్‌ వైపర్‌ తెచ్చింది. కాస్త ఆగి ఆగి తుడిచే వైపర్‌కు రాబర్ట్‌ కెర్న్స్‌ 1960ల్లో పేటెంటు పొందారు. దాని కోసం పెద్ద కార్ల కంపెనీలతో ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడారు.

అదే 1903లో ఫ్రాన్స్‌లో ఎడువార్‌ బెనెడిక్టుస్‌ ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడింది. పగిలింది గాని ముక్కలు చెదరలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్‌ నైట్రేట్‌ పొర వాటిని పట్టి ఉంచింది. రెండు గాజు పలకల మధ్య జిగురు పొర ఉండే నేటి ముందద్దానికి మూలం ఇదే.

బస్సు ముందు బకెట్‌

హైదరాబాద్‌ సంస్థానంలో కారు అంటే చాలాకాలం నవాబుల సొత్తు. నిజాంల 1912 నాటి పసుపు రోల్స్‌ రాయిస్‌ లాంటివాటిని తుడవడానికి నౌకర్లు ఉండేవారు. సామాన్యులకు మోటారు అద్దం దగ్గరగా కనిపించింది బస్సులో. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. 1958లో ఆర్టీసీ కార్పొరేషన్‌గా ఏర్పడింది. తర్వాతి దశాబ్దాల్లో నర్సంపేటకూ డిపో వచ్చింది.

పాత బస్సులకు, లారీలకు ముందద్దం సమతలంగా రెండు పలకలుగా, చుట్టూ రబ్బరు బీడింగ్‌తో ఉండేది. తుడిచే పని క్లీనర్‌ది. బకెట్‌ నీళ్ళు, పాత గుడ్డ, పాత దినపత్రిక అతని సరంజామా. నూలు గుడ్డలా కాగితం నూగు వదలదు, అందుకే ఆ అలవాటు నిలిచింది. వైపర్‌ పాడైన వానలో పొగాకునో, కోసిన ఆలుగడ్డనో అద్దానికి రుద్దడం డ్రైవర్ల పాత ఉపాయం. అప్పుడు నీరు బొట్లుగా నిలవకుండా పలచని పొరగా జారుతుంది. జిడ్డుకు కిరోసిన్‌ వాడేవారు. అది జిడ్డును వదిలిస్తుంది గాని బీడింగ్‌ రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది.

నునుపు పెరిగింది, ఓపిక తగ్గింది

1959లో బ్రిటన్‌లోని పిల్కింగ్టన్‌ సంస్థ ఫ్లోట్‌ గ్లాస్‌ను ప్రకటించింది. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించి చల్లార్చే ఈ పద్ధతి వల్ల అలలు లేని, సానపట్టక్కర్లేని అద్దం చవకగా దొరికింది. మన దగ్గర అంబాసిడర్‌ తర్వాత, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కారును మధ్యతరగతి గుమ్మంలోకి తెచ్చింది. దాంతో తుడిచే పని క్లీనర్‌ చేతి నుంచి యజమాని చేతికి మారింది. గుడ్డ, పేపరు, బకెట్‌ అలాగే వచ్చాయి. అయితే క్లీనర్‌కు తెలిసిన ఒక జాగ్రత్త, ముందు నీళ్ళు కొట్టి తర్వాతే గుడ్డ వెయ్యాలన్నది, వాటితో పాటు రాలేదు.

దాని వెనక రాయి లెక్క ఉంది. మోస్‌ కాఠిన్య కొలతలో గాజు ఆరు లోపే, క్వార్ట్‌జ్‌ ఏడు. ఈ ప్రాంతపు నేల గ్రానైట్‌ అరిగి ఏర్పడింది కాబట్టి దుబ్బలో క్వార్ట్‌జ్‌ ఇసుక ఉంటుంది. పొడిగా తుడిస్తే ఆ రేణువులు సన్నని గీతలు గీస్తాయి. పగలు కనిపించని ఆ గీతలే రాత్రి ఎదురుబండి లైటును అద్దమంతా చిమ్ముతాయి. పొడి అద్దం మీద వైపర్‌ తిప్పినా ఇదే జరుగుతుంది.

పక్క అద్దాలది వేరే జాతి. గాజును 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. అందువల్ల పగిలితే మక్క గింజలంత ముక్కలవుతుంది. వాటి బాధ గాడిలో ఉంది. అద్దం దిగే రబ్బరు గాడిలో దుమ్ము చేరితే దింపినప్పుడల్లా నిలువు గీతలు పడతాయి. చేత్తో తిప్పే హ్యాండిల్‌ ఉన్నప్పుడు బిగువు చేతికే తెలిసేది. పవర్‌ విండో వచ్చాక ఆ భారం మోటారు మీద పడింది. గాడిని తడిగుడ్డతో తుడిచి సిలికాన్‌ స్ప్రే కొట్టాలి. గ్రీజు రాస్తే దుమ్ము ఇంకా పడుతుంది.

బోరు నీళ్ళ మరక

తర్వాతి మార్పు నీళ్ళతో వచ్చింది. చెరువు నీళ్ళ బకెట్‌ స్థానంలో బోరు నీళ్ళ పైపు, ఊరి చివర వాటర్‌ సర్వీసింగ్‌ సెంటర్లు వచ్చాయి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఎండలో కడిగి వదిలేస్తే నీరు ఆవిరై తెల్లని చుక్కలు మిగులుతాయి. సబ్బుకు లొంగని ఈ చుక్కలు పులుపుకు లొంగుతాయి. నీళ్ళు కలిపిన వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తడిపి కాసేపాగి కడిగెయ్యాలి. నీడలో కడిగి వెంటనే ఆరతుడిస్తే ఆ అవసరమే రాదు. ఉసిళ్ళు ఎండి అతుక్కుంటే గీకకుండా తడి కాగితం పరిచి నాననివ్వాలి. లోపలివైపు కనిపించే మసక దుమ్ము కాదు. ఎండకు కాగిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌ నుంచి లేచిన ఆవిరి పేరుకున్న జిడ్డు అది. దానికి ఉత్త నీళ్ళు చాలవు. ఎండకు గట్టిపడిన వైపర్‌ రబ్బరును ఏటా వానలకు ముందే మార్చుకోవాలి.

ఫిల్మ్‌, చట్టం

ఎండను ఆపడానికి అంటించిన నల్ల ఫిల్మ్‌తో మరో పొర వచ్చింది. అమ్మోనియా కలిసిన తుడిచే ద్రవాలు ఫిల్మ్‌ను పాడుచేస్తాయి, గరుకు కాగితం గీస్తుంది. క్లీనర్‌ చేతిలో మంచి పనిముట్టైన దినపత్రిక ఇక్కడ పనికిరాకుండా పోయింది, మెత్తని మైక్రోఫైబర్‌ గుడ్డ అవసరమైంది. 2012 ఏప్రిల్‌ 27న సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లను నిషేధించింది. ఆ తర్వాత చాలా కార్లకు మిగిలింది పీకిన ఫిల్మ్‌ జిగురు. ఇప్పుడు ముందద్దానికి లోపల ఫాస్టాగ్‌, కొన్ని కార్లలో దారిని చూసే కెమెరా కూడా చేరాయి. అద్దం మసకబారితే డ్రైవర్‌తో పాటు కెమెరాకూ దారి కనిపించదు.

నల్ల ఫిల్మ్‌ తీర్పుకు ఆధారం 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 100వ నిబంధన. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలంటుంది. అద్దాన్ని అలా తయారుచేస్తే చాలదు, ఎప్పుడూ ఆ స్థితిలోనే ఉంచాలని కూడా అదే నిబంధన చెబుతుంది. జరిమానా పడింది గనుక మొదటి సగం జనానికి గుర్తుంది. రెండో సగాన్ని ఏ చెక్‌పోస్టూ కొలవదు. వెలుతురును ఆపేది ఫిల్మ్‌ అయినా వారాల తరబడి పేరుకున్న దుబ్బ అయినా రోడ్డు దాటే మనిషికి తేడా ఉండదు. ఆ రెండో సగం అమలు ఒక బకెట్‌ నీళ్ళు, ఒక మెత్తని గుడ్డ ఖర్చుతో యజమాని చేతిలోనే ఉంది.