వారాల పట్టిక, తేదీల చిట్టా: రైల్వే రిజర్వేషన్ చరిత్ర

స్టేషన్ ఘన్‌పూర్ అన్న పేరును ఒక్కసారి ఆగి చూడండి. ఊరి పేరుకు ముందు రైలు స్టేషన్ వచ్చి కూర్చుంది. పూర్వపు వరంగల్ జిల్లాలో మరో ఘనపురం కూడా ఉంది. కోటగుళ్ల వల్ల ప్రసిద్ధి చెందిన ఆ ఊరు ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. దానికి కాకతీయుల కాలపు గుళ్లు గుర్తు. జనగామ, కాజీపేటల నడుమ ఉన్న ఈ ఊరికి రైలు గుర్తు. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాద్ వరకు రైలుమార్గం 1874లో మొదలైంది. అది 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. ఆ పట్టాలతోపాటు మన పల్లెల్లోకి ఒక కొత్త రకం కాగితం కూడా వచ్చింది. అదే టైంటేబుల్. ఈ పాఠం ఆ కాగితం గురించి, దాని పక్కన తర్వాత పుట్టిన రిజర్వేషన్ చిట్టా గురించి.

వారం లెక్క మనవాళ్లకు రైలు నేర్పలేదు. అంగడి నేర్పింది. హైదరాబాదులో జుమేరాత్ బజార్, కర్నూలులో బుధవారపేట వంటి పేర్లు వారాల నుంచి పుట్టినవే. అంగడికి రాతపట్టిక అక్కర్లేదు. ఫలానా వారం అని ఊరందరికీ తెలుసు. వచ్చినవాడు వస్తాడు, రానివాడు మరుసటి వారం వస్తాడు. ముందుగా చోటు రాయించుకునే పని లేదు. రైలుతో ఆ సౌలభ్యం పోయింది. బండిలో చోటు లెక్కకు ఉంటుంది, బండి ఆగే సమయం నిమిషాల్లో ఉంటుంది.

ఇక్కడ ఒక భేదాన్ని మీరు స్పష్టంగా పట్టుకోవాలి. టైంటేబుల్లో "సోమ, గురు" అని ఉంటే అది ఏ ఒక్క సోమవారానికో చెందినది కాదు. మార్చేదాకా ప్రతి సోమవారానికీ వర్తించే నియమం. రిజర్వేషన్ అలా కాదు. అది ఒక తేదీకి, ఒక బండికి, ఒక బెర్తుకు, ఒక మనిషికి సంబంధించిన నమోదు. ఆ తేదీ దాటితే దాని పని అయిపోయింది. ప్రస్తుతం రైల్వేలో 60 రోజుల ముందు నుంచి రిజర్వేషన్ ఇస్తున్నారు (2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు). వారానికి ఒక్కసారి నడిచే బండికి ఆ గడువులో ఎనిమిదో తొమ్మిదో తేదీలు వస్తాయి. పట్టికలో ఉండేది ఒక్క వరుసే. చిట్టాలో మాత్రం తేదీకొక పుట తెరవాలి. పండుగ రోజున బండి రద్దయితే ఆ ఒక్క పుటే కొట్టివేస్తారు, పట్టికను ముట్టుకోరు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలిపి రాయబోయిన ప్రతి గుమాస్తా చిక్కుల్లో పడ్డాడనే నా నమ్మకం.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చరిత్ర విద్యార్థికి ఇందులో చాలా ఉంది. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది. ముస్లిముల లెక్కలో గురువారం పొద్దుగూకగానే శుక్రవారం వచ్చినట్టే. రైల్వే లెక్కలో అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుంది. అంటే నిజాం రాజ్యంలో రోజుకు మూడు మొదళ్లున్నాయి. సర్కారు దఫ్తర్లలో ఫస్లీ సంవత్సరం నడిచేది, రైల్వేవారిది ఇంగ్లీషు తేదీ. దీనికితోడు రైళ్లు చాలాకాలం మద్రాసు సమయాన్ని పాటించాయి. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఆ చిక్కు నేటికీ పూర్తిగా తీరలేదు. మన ఇళ్లలో "సోమవారం రాత్రి ఒంటిగంట బండి" అంటాం. టికెట్టు మీద అది మంగళవారం తేదీ. పైగా టైంటేబుల్లో చూపే వారం బండి బయలుదేరే స్టేషన్‌ది. దూరం నుంచి శనివారం బయలుదేరిన బండి కాజీపేటకు ఆదివారమో సోమవారమో చేరవచ్చు. బయలుదేరే వారాన్ని ఇక్కడి వారంగా చదివినవాడు ఒక రోజు ముందే మూట సర్దుకొని ప్లాట్‌ఫారం మీద కూర్చుంటాడు. పట్టిక తప్పు కాదు, చదివినవాడి తెలివితక్కువతనమూ కాదు. ఆ పట్టిక ఎక్కడ నిలబడి రాశారో కాగితం చెప్పలేదు, అంతే.

చిట్టా ఎవరి చేతిలో?

టైంటేబుల్ మొదటి నుంచీ గోడమీద ఉంది. చదువు వచ్చినవాళ్లెవరైనా చూడవచ్చు, రానివాళ్లు అడిగి తెలుసుకోవచ్చు. చిట్టా అలా బయట పెట్టలేదు. మొదటి రోజుల్లో ముందుగా చోటు పొందడం పై తరగతుల వారికే. మూడో తరగతి ప్రయాణికుడికి టికెట్టు దొరికేది కానీ చోటుకు పూచీ లేదు. 1917లో గాంధీజీ మూడో తరగతి దుస్థితిపై పత్రికలకు రాసినప్పుడు ఎక్కువగా ఎత్తిచూపింది ఈ కిక్కిరిసిన పెట్టెలనే. ఘన్‌పూర్ చుట్టుపక్కల రైతుకు బండి వేళ తెలుసు. తనకు బండిలో చోటుందో లేదో బండి వచ్చాకే తెలిసేది.

స్వాతంత్ర్యం తర్వాత రిజర్వేషన్ సామాన్యుల దాకా వచ్చింది, కానీ అది పెద్ద పెద్ద రిజిస్టర్లలో నడిచింది. ఒక్కో బండికి, ఒక్కో తేదీకి వేరే పుట. మధ్య స్టేషన్లకు కొద్దిపాటి కోటా. అది అయిపోతే బండి బయలుదేరే స్టేషన్‌కు తంతి కొట్టి జవాబు కోసం ఎదురుచూడాలి. ఎన్ని బెర్తులు ఖాళీ ఉన్నాయో కౌంటరు లోపలి గుమాస్తాకు తెలుసు, బయట వరుసలో నిలబడినవాళ్లకు తెలియదు. సిఫారసుకు, చేయి తడపడానికి చోటిచ్చింది ఆ తెలియకపోవడమే.

1985 నవంబరులో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలు వచ్చాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపే కాన్సర్ట్ అనే వ్యవస్థను 1994లో మొదట నెలకొల్పింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి అయిదు కేంద్రాలూ కలిశాయి. ఎక్కడి బండికైనా ఏ కౌంటరులోనైనా టికెట్టు తీసుకునే వీలు కలిగింది. 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్లు మొదలయ్యాయి. దూరవిద్య చదివే మీకు ఇందులోని ఉపకారం వేరే చెప్పనక్కర్లేదు: సమాచారం కోసం కాజీపేట జంక్షన్ దాకా ప్రయాణం తప్పింది.

చిట్టా బయటికి రావడంలో ఇంకో కథ ఉంది. బండి బయలుదేరే ముందు పెట్టె తలుపు పక్కన ఒక కాగితం అంటించేవారు. ప్రయాణికుల పేర్లు, వయసు, ఆడో మగో, బెర్తు నంబరు అన్నీ అందులో ఉండేవి. జనం దానిమీద ఎగబడి వేలుపెట్టి వెతుక్కునేవారు. అదే కాగితాన్ని ఒంటరిగా వెళ్తున్న అమ్మాయి పేరు, బెర్తు తెలుసుకోవడానికి ఇంకొకడు కూడా చదవగలడు. 2018 మార్చి 1 నుంచి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టు అంటించడం ప్రయోగాత్మకంగా ఆపారు. రైల్వే చెప్పిన కారణం కాగితం పొదుపు. ఆడపిల్లల భద్రత ప్రధాన కారణమై ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

2019 ఫిబ్రవరిలో చార్టు మళ్లీ జనం ముందుకు వచ్చింది, ఈసారి ఇంటర్నెట్‌లో, పేర్లు లేకుండా. పెట్టె బొమ్మ కనిపిస్తుంది. పూర్తిగా నిండిన బెర్తు ఒక రంగు, కొంత దూరం వరకే నిండినది ఇంకో రంగు, ఖాళీది మరో రంగు. చోటు ఉందా లేదా అన్నది అందరికీ తెలియాలి, ఎవరిదన్నది అక్కర్లేదు అన్న తేడాను ఆ రంగులు పాటించాయి.

అయితే పేర్ల కాగితంలో ఒక మేలు లేకపోలేదు. వెయిటింగ్ లిస్టులో మూడో నంబరువాడిని దాటి పదో నంబరువాడికి బెర్తు దక్కితే ఆ కాగితం ముందు నిలబడి అడిగే వీలుండేది. రంగుల బొమ్మలో నిండిన బెర్తు ఎలా నిండిందో కనిపించదు. ఆ ప్రశ్న వేయాలంటే ఇప్పుడు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టుకోవాలి.