కాలవ తవ్విన చేతులు

మా ఇంటికి కాస్త దూరంలో బకింగ్‌హాం కాలవ ఉంది. చెన్నైలో చాలామంది దాని పేరు కూడా చెప్పరు, "కూవం" అనేస్తారు. కూవం వేరే నది, ఇది వేరే కాలవ. నీళ్లు నల్లగా ఉంటాయి. వంతెన మీద ముక్కు మూసుకుని దాటతాం. ఆ కాలవకీ మా ఇంటి ప్రార్థనకీ సంబంధం ఉందని పోయిన సంవత్సరం వరకు నాకు తెలియదు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు నా స్నేహితురాలు, "మీరు గోధుమ నూకకీ పాలపొడికీ మతం మారినోళ్లే కదే?" అంది. కోపంగా అనలేదు. ఎక్కడో విన్నది అనేసింది, అంతే. నేను నవ్వేశాను. కానీ ఇంటికి వచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. అదే నెలలో మా పాస్టరు గారు బాప్తిస్మం తీసుకోవాలనుకునే పిల్లల్ని పేర్లు ఇమ్మన్నారు. మా బాప్టిస్టు సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక ఎవరికి వాళ్లే అడగాలి. నేను పేరు ఇవ్వలేదు. మావాళ్లు నూక కోసమే మారి ఉంటే, నేను దేనికోసం మునగాలి?

నాయనమ్మని అడిగాను. మేము మాదిగలం, మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతయ్య కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పనికి చెన్నై వచ్చారు. నాయనమ్మ తమలపాకు పక్కన పెట్టి, "ఎవరే అన్నది? మనోళ్లు కాలవ తవ్వారు, అడుక్కోలేదు" అంది. మా ముత్తాత తాత ఆ కాలవ తవ్వాడని వాళ్ల పెద్దలు చెప్పుకునేవాళ్లంట. దానికి కాగితం ఏమీ లేదు. అందుకని మా సోషల్ మాస్టారి సాయంతో ఆ కాలం చరిత్ర చదివాను. ఈ వ్యాసం అందులోంచే.

అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. చాలా ఏళ్లు వాళ్ల మాట విన్నవాళ్లే తక్కువ. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. 1866లో ఒంగోలు వచ్చాడు. దొర కాకముందు భూమి కొలిచే సర్వేయరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కానీ మా పల్లెలకి యేసు కబురు మొదట తెచ్చింది దొర కాదని చదివినప్పుడు నాకు భలే అనిపించింది. తెచ్చింది ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకుముందే యోగుల దగ్గర ఉపదేశం తీసుకుని దేవుణ్ణి వెతికినవాడు. ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్లినప్పుడు ఒక మిషనరీ మాట విన్నాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత చెప్పులు కుట్టేవాళ్ల మధ్య కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో ఏర్పడితే, అదే నెలలో పేరయ్య ఊరి దగ్గర 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ రోజుల్లో ఒంగోలులో పై కులాల వాళ్లు కొందరు క్లౌ దగ్గరికి వచ్చేవాళ్లు, పిల్లల్ని ఆయన బడికి పంపేవాళ్లు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రాము అన్నారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనిపించిందట. లోకం లెక్కచెయ్యని వాళ్లని దేవుడు ఎన్నుకుంటాడనే చోటు. ఆయన మాదిగల్ని చేర్చుకున్నాడు, బడి ఖాళీ అయింది.

చేరినవాళ్లకి ఏం దొరికింది? నూకైతే దొరకలేదు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు అని క్లౌ చెప్పాడు. అంటే జాతరలో డప్పు కొట్టడం మానాలి. ఊరి పెద్దలు ఊరుకుంటారా? కొన్ని ఊళ్లలో నీళ్లు ఆపారు, పని ఇవ్వలేదు, కొట్టారు. అయినా కరువు రాకముందే సంఘంలో వేల మంది ఉన్నారు.

ఇక కరువు. 1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు అన్నారు. మా ఇంటి పక్క తమిళ తాతగారు కూడా దాన్ని "దాదు వరుష పంజం" అంటారు. దేశం మొత్తంలో 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ పెద్ద దర్బారు చేశారు. ఇక్కడ జనం ఆకులూ గడ్డలూ తవ్వుకుని తింటున్నారు. ఆ ఏడాది సర్కారు సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా ఇమ్మని రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేశాడు. పౌను అంటే 450 గ్రాములు. మా అమ్మ కప్పుతో కొలిచి చూశాను. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదు.

సహాయ పనుల్లో ముఖ్యమైనది ఈ కాలవే. చెన్నైలో కూవానికీ అడయారుకీ మధ్య భాగం కూడా అప్పుడే తవ్వారు. 1878లో గవర్నరు పేరు మీద దానికి బకింగ్‌హాం అని పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఒంగోలు వైపు తవ్వే చోట మాదిగల్ని మేస్త్రీలు బాధపెడుతున్నారని క్లౌకి తెలిసింది. సర్వేయరు కదా, మూడున్నర మైళ్ల కాలవ పని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. అక్కడ తిట్లు లేవు, కూలి చేతికి అందేది. మధ్యాహ్నం కూర్చున్నప్పుడు బోధకులు యేసు గురించి చెప్పేవాళ్లు. ఎక్కువగా చెప్పింది మత్తయి సువార్త 11వ అధ్యాయంలో, ప్రయాసపడి బరువు మోసేవాళ్లని యేసు తన దగ్గరికి పిలిచే చోటు. తల మీద మట్టి తట్ట ఉన్నవాళ్లకి దాన్ని విడమరిచి చెప్పాలా?

అసలు సంగతి ఇక్కడుంది. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం అడుగుతున్నారేమోనని సుమారు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. 1878లో కాలవ పని అయిపోయింది, సహాయం డబ్బులూ అయిపోయాయి. అప్పుడు జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరికి వేలల్లో వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, వెళ్లిపొండి అన్నాడు క్లౌ. వాళ్లు చేతుల మీద బొబ్బలు చూపించారు. డబ్బు అక్కర్లేదు, వచ్చే పంట పోతే చచ్చిపోతాం, కానీ క్రైస్తవులుగా చచ్చిపోతాం అన్నారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో మునిగారు. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారు. ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి పిలిచి ముంచారు. ఆ రోజు క్లౌ నీళ్లలోకి దిగలేదు. "ఒరే" అని మాత్రమే పిలిపించుకున్న వాళ్లని ఒక రోజంతా పేరు పెట్టి పిలవడం, నాకు 2,222 అనే లెక్క కంటే అదే ఎక్కువ అనిపిస్తుంది.

ఆకలికీ దీనికీ అసలు సంబంధం లేదని నేను రాయలేను. ఆకలి వల్లనే కాలవ దగ్గరికి వచ్చారు, అక్కడే విన్నారు. తమని మనుషుల్లా చూసినవాళ్ల దేవుడెవరో తెలుసుకోవాలనుకున్నారు. అందులో సిగ్గుపడాల్సింది నాకేం కనిపించలేదు. నూక కోసమైతే నూక ఉన్నప్పుడు రావాలి. వీళ్లు అది అయిపోయాక వచ్చారు. చచ్చిపోతామని తెలిసి కూడా ఆశపడటం ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. తాతయ్య చివరి రోజుల్లో మాట పడిపోయాక కూడా ప్రార్థన వినిపిస్తే చెయ్యి ఎత్తేవారు. అది గుర్తొచ్చాక కొంచెం అర్థమైంది.

నా స్నేహితురాలికి ఇదంతా చెప్పాను. వంతెన మీద ఆగి, మొదటిసారి ముక్కు మూసుకోకుండా కిందికి చూసి, "దీన్ని చేత్తో తవ్వారా?" అంది. వేరే ఏమీ అనలేదు.

పాస్టరు గారికి నా పేరు ఇచ్చాను. మా చర్చిలో బాప్తిస్మానికి సిమెంటు తొట్టి ఉంది. నాయనమ్మ మాత్రం గుండ్లకమ్మలోనే తీసుకోవాలని పట్టుబట్టింది. సెలవుల్లో వెళ్దామని నాన్న అన్నారు. మే నెలలో నదిలో మనిషి మునిగేంత నీళ్లుంటాయో లేదో, ఊళ్లో మా పెదనాన్నకి ఫోన్ చేసి అడగాలి.