వైరల్ హెపటైటిస్‌లో రక్తపు కొవ్వులు: పరిశోధన చరిత్ర

హెపటైటిస్ వైరస్‌లు కాలేయాన్ని పట్టినప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, వాటిని మోసే లైపోప్రోటీన్లు పాళ్లు తప్పుతాయి. రామగుండం, గోదావరిఖని లాంటి గనుల ఊళ్లలో ఈ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం. 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం గని కార్మికుడికి ఎక్కువలో ఎక్కువ అయిదేళ్లకొకసారి వైద్య పరీక్ష జరగాలి. సింగరేణిలో అందరూ దాన్ని పీఎంఈ అంటారు. నలభై దాటినవాళ్లు గుండె భయంతో రక్తపు కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్ కూడా చేయించుకుంటారు. కొలెస్ట్రాల్ అంకె తక్కువ వస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కాలేయంలో వైరస్ ఉన్న మనిషి విషయంలో ఆ ఊరట తప్పు. అక్కడ తగ్గిన కొలెస్ట్రాల్ ఆరోగ్యానికి గుర్తు కాకపోవచ్చు, కాలేయం పని కుంటుపడిందనడానికి గుర్తు కావచ్చు. ఈ పరిశోధన చరిత్ర అంతా అటువైపే చూపిస్తుంది.

కొలెస్ట్రాల్‌కూ కాలేయానికీ ఉన్న చుట్టరికం పేరులోనే ఉంది. గ్రీకులో ‘ఖోలే’ అంటే పైత్యరసం. పిత్తాశయపు రాళ్లలోని కొవ్వు పదార్థానికి ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రెల్ 1810లలో ఆ మాట మీదే పేరు పెట్టాడు. చాలాకాలం వైద్యులు మొత్తం కొలెస్ట్రాల్ ఎంతుందన్నదే చూశారు, అందుకే తికమకపడ్డారు: కొందరు కామెర్ల రోగుల్లో అది పెరిగేది, కొందరిలో పడిపోయేది. 1926లో జర్మనీలో టాన్‌హౌజర్, షాబర్ అసలు చూడవలసింది వేరే ఉందని చూపించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో సుమారు 70 శాతం కొలెస్ట్రాల్ కొవ్వు ఆమ్లంతో జతకట్టి ఎస్టర్‌గా ఉంటుంది. కాలేయ కణాలు దెబ్బతింటే ఈ జతకట్టిన భాగం కూలిపోతుంది. కారణం తేలడానికి మరో 36 ఏళ్లు పట్టింది. 1962లో అమెరికాలో గ్లామ్‌సెట్ ఆ జత కుదిర్చే ఎంజైమ్‌ను వర్ణించాడు. దాన్నే ఇప్పుడు ఎల్‌క్యాట్ అంటున్నాం. అది తయారై రక్తంలోకి వచ్చేది కాలేయం నుంచే. తీవ్ర హెపటైటిస్‌లో అది తగ్గగానే హెచ్‌డీఎల్ అనే లైపోప్రోటీన్ బాగా పడిపోతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, ఎల్‌డీఎల్ అనే మరో లైపోప్రోటీన్ రేణువుల్లో కూడా కొలెస్ట్రాల్ ఎస్టర్‌కు బదులు ట్రైగ్లిజరైడ్ చేరుతుంది. పైత్యరసం దారి మూసుకుంటే ‘లైపోప్రోటీన్ ఎక్స్’ అనే వింత రేణువు పుడుతుంది. అగార్ జెల్‌లో కరెంటు పెడితే మిగతా లైపోప్రోటీన్లు ధన ధ్రువం వైపు నడుస్తాయి, ఇది రుణ ధ్రువం వైపు జరుగుతుంది.

ఈ తేడాలకు కాలేయమే మూలమన్న మాటకు మన ఇళ్లలోంచే ఒక అభ్యంతరం వస్తుంది. కామెర్లనగానే నూనె, నెయ్యి, మాంసం మాన్పించి మజ్జిగన్నంతో పత్యం పెడతాం. కొవ్వు తినని మనిషి రక్తంలో కొవ్వు తగ్గడంలో వింతేముంది అని. తిండి ప్రభావం లేదని ఎవరూ అనరు. కానీ పత్యం వల్లే అయితే మొత్తం అంకె తగ్గాలి గాని, జతకట్టిన కొలెస్ట్రాల్ విడిగా ఉన్నదాని కంటే ఎక్కువగా పడిపోకూడదు. నూనె మానినవాడి రక్తంలో లైపోప్రోటీన్ ఎక్స్ పుట్టకూడదు. ఏ జ్వరంలోనైనా కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. అదీ నిజమే. అయితే ఎల్‌క్యాట్ లోటు, పైత్యపు అడ్డంకి, ట్రైగ్లిజరైడ్ నిండిన ఎల్‌డీఎల్ ఒకే రక్తంలో కలిసి కనిపిస్తే వేలు కాలేయం వైపే చూపాలి. కాలేయం కోలుకుంటున్న కొద్దీ ఇవన్నీ సర్దుకోవడం ఇంకో సాక్ష్యం.

కొవ్వుల పరిశోధన హెపటైటిస్ బి వైరస్ జాడనే పట్టిచ్చిందన్నది ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం. అమెరికా శాస్త్రవేత్త బ్లూమ్‌బర్గ్ మొదట వెతికింది వైరస్‌ను కాదు, మనుషుల లైపోప్రోటీన్లలో వంశపారంపర్యంగా వచ్చే తేడాలను. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ల సీరంను జెల్‌లో ఒక గుంటలో, వేరేవాళ్ల సీరంను పక్క గుంటల్లో పోసేవాడు. రెండూ కలిసినచోట సన్నటి తెల్లటి గీత పడేది. అది లైపోప్రోటీన్ గీతయితే కొవ్వు రంగును బాగా పట్టి నీలంగా మారేది. 1963లో హార్వీ ఆల్టర్‌తో కలిసి చూసినప్పుడు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరం దగ్గర పడిన గీత ఆ నీలాన్ని అంతగా పట్టలేదు, ప్రోటీన్ రంగుతో ఎర్రబడింది. 1965లో ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’గా ప్రకటించిన ఆ పదార్థమే హెపటైటిస్ బి వైరస్ పైపొర. బ్లూమ్‌బర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. ఆ పైపొరలో కొవ్వు బొత్తిగా లేదనుకోకూడదు: రక్తంలో తిరిగే దాని రేణువు ప్రోటీనూ కొవ్వూ కలిసిన కట్టడమే. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ కణాల్లో తయారుచేసి ‘శాన్‌వాక్-బి’ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన టీకాలో ఉన్నదీ ఈ పైపొర ప్రోటీనే.

1989లో బయటపడిన హెపటైటిస్ సి, కాలేయమే మూలమన్న వాదనకు గట్టి బలం ఇచ్చింది. ఆ వైరస్ రక్తంలో లైపోప్రోటీన్లతో పెనవేసుకుని తిరుగుతుంది, కాలేయ కణం కొవ్వును ఎగుమతి చేసే దారినే బయటికొస్తుంది. అందుకే దీర్ఘకాలం దాన్ని మోస్తున్నవాళ్లలో జ్వరం, కామెర్లు, పత్యం ఏవీ లేకపోయినా ఎల్‌డీఎల్ తక్కువగా ఉండటం సాధారణం. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద దీనికి ఉచితంగా మందులిస్తున్నారు. చాలామందికి 12 వారాల్లో కోర్సు పూర్తవుతుంది. వైరస్ పోయాక ఎల్‌డీఎల్ పెరగడం చూసి మందులు వికటించాయని కంగారుపడనవసరం లేదు. వైరస్ అణచిపెట్టిన అంకె తన అసలు స్థాయికి వస్తోంది. గుండెకు ముప్పు ఎంతో లెక్కకట్టాల్సింది ఆ కొత్త అంకెతోనే.