వద్దన్న వ్యయము, వలచిన యశము

సొమ్మొకరిది, సోకొకరిది అను సామెత తెలుగు పల్లెలలో తరతరములుగా వినవచ్చుచున్నది. ప్రజాధనమునకు దీనిని అన్వయించి చూచినచో ఒక విచిత్రము గోచరించును. ధనము ప్రజలది. దానిని ఒక కార్యమునకు వినియోగింప శాసనమును చేసినవారు కొందరు. ఆ శాసనము వలదని ఓటు వేసి, పని మంజూరైన పిమ్మట కీర్తిలో మాత్రము పాలు పంచుకొనువారు మరికొందరు. ఈ విచిత్రము ఏ ఒక్క దేశమునకో పరిమితమైనది కాదు. అయినను దాని చరిత్ర పేర్లతో, తేదీలతో స్పష్టముగా లిఖింపబడియున్న దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు.

అందుకు కారణము ఆ దేశపు చట్టసభలలోని ఓటు పద్ధతి. భారతదేశమున 1985వ సంవత్సరపు 52వ రాజ్యాంగ సవరణ పిమ్మట, పార్టీ విప్పును ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు తన సభ్యత్వమునే కోల్పోవచ్చును. పెక్కు బిల్లులు మూజువాణి ఓటుతోనే ఆమోదము పొందును. కావున ఒక్కొక్క సభ్యుని అభిప్రాయము విడిగా తెలియుట అరుదు. అమెరికాలో పార్టీని కాదని ఓటు వేసినంతమాత్రమున పదవి పోదు. మరియు 1787లో రచింపబడిన ఆ దేశపు రాజ్యాంగమే, సభకు వచ్చిన వారిలో ఐదవ వంతు మంది కోరినచో, అనుకూల ప్రతికూల ఓట్లను సభా దినచర్యలో నమోదు చేయవలెనని విధించినది.

అయినను చిరకాలము అచ్చట ఒక లొసుగుండెను. సవరణలను చర్చించునపుడు ప్రతినిధి సభ సంపూర్ణ సభా సంఘముగా కూర్చుండును. ఒక పనికి నిధులు పెంచవలెనా తగ్గింపవలెనా యనునది తరచు ఇట్టి సవరణలలోనే తేలును. ఆ సంఘమున ఓటు వేయు సభ్యులు లెక్కించువారి ముందునుండి వరుసగా నడచిపోవుచుండిరి. ఎందరు నడచిరో వ్రాయబడెడిది; ఎవరు నడచిరో వ్రాయబడెడిది కాదు. సభలో నిధులు తగ్గింపజేసిన వ్యక్తి తన ఊరికి మరలివచ్చి, ఆ పనికై పోరాడితినని చెప్పుకొనినను, కాదనుటకు వ్రాతమూలకమైన ఆధారము దొరకెడిది కాదు. 1970 నాటి శాసనసభా పునర్వ్యవస్థీకరణ చట్టము ఈ ఓట్లను కూడ పేర్లతో నమోదు చేయుటకు మార్గము తెరచినది. 1973లో ప్రతినిధి సభయందు విద్యుత్ యంత్రముల ద్వారా ఓటు వేయు పద్ధతి అమలులోనికి వచ్చినది. అప్పటినుండి సభ్యుని మాటను, ఓటును ప్రక్కప్రక్కన పెట్టి చూచుట సులభమైనది.

2008లో సంభవించిన ఆర్థిక సంక్షోభము ఈ పరీక్షకు మంచి సందర్భమైనది. దాదాపు 78,700 కోట్ల డాలర్ల విలువగల పునరుద్ధరణ చట్టముపై అధ్యక్షుడు బరాక్ ఒబామా 2009 ఫిబ్రవరి 17న సంతకము చేసెను. ప్రతినిధి సభలో 246 మంది అనుకూలముగను, 183 మంది ప్రతికూలముగను ఓటు వేసిరి. రిపబ్లికన్ సభ్యులలో ఒక్కరును దానిని బలపరుపలేదు. సెనేటులో మువ్వురు మాత్రమే బలపరచిరి. కొలది నెలలలో రోడ్ల పనులు మొదలు కాగా, వ్యతిరేకించినవారిలో పలువురు ప్రారంభోత్సవములకు విచ్చేసిరి. 2010 జనవరి 29న బాల్టిమోర్ నగరమున రిపబ్లికన్ సభ్యుల సమావేశమునకు వెళ్లిన ఒబామా, ఈ సంగతిని వారి ముఖముననే ప్రస్తావించెను.

2021లో ఈ కథ మరల నడచినది. కోవిడ్ కష్టకాలమున ఉద్దేశింపబడిన 1,90,000 కోట్ల డాలర్ల సహాయ చట్టమునకు రిపబ్లికన్ సభ్యులలో ఏ ఒక్కరును ఓటు వేయలేదు. అది మార్చి 10న తుది ఆమోదము పొందిన దినముననే, మిసిసిపీ రాష్ట్రపు సెనేటరు రోజర్ విక్కర్, భోజనశాలలకు 2,860 కోట్ల డాలర్ల సహాయము లభించినదని హర్షము ప్రకటించెను. తాను ఆ చట్టమునకు ప్రతికూలముగా ఓటు వేసిన మాట ఆ ప్రకటనలో లేదు.

అదే సంవత్సరము రోడ్లు, వంతెనలు, నీటి సరఫరా మొదలగు వానికై సుమారు 1,20,000 కోట్ల డాలర్ల మరియొక చట్టము వచ్చినది. సెనేటు దానిని ఆగస్టు 10న 69–30 ఓట్లతోను, ప్రతినిధి సభ నవంబరు 5న 228–206 ఓట్లతోను ఆమోదించినవి. ఇందు సెనేటులో 19 మంది, ప్రతినిధి సభలో 13 మంది రిపబ్లికన్లు అనుకూలముగా ఓటు వేసిరి. ఆరుగురు డెమోక్రాట్లు ప్రతికూలముగా ఓటు వేసిరి. వ్యతిరేకించిన వారిలో అలబామా రాష్ట్రపు ప్రతినిధి గేరీ పామర్ ఒకరు. కొలది దినములకే ఆయన, బర్మింగ్‌హామ్ నగరపు ఉత్తర వలయ రహదారికి నిధులు వచ్చుట తన కృషిలో భాగమని ప్రకటించెను. ఆ రాష్ట్రపు సెనేటరు టామీ ట్యూబర్విల్ సైతము వ్యతిరేకించినవారే. ఆ చట్టము క్రింద ఇంటర్నెట్టు సౌకర్యమునకై అలబామాకు 140 కోట్ల డాలర్లు లభించినవని 2023 జూనులో తెలియగా, ఆయన సంతోషము వెలిబుచ్చెను. శంకుస్థాపన నాడు కలిసికొందమని అధ్యక్షుడు జో బైడెన్ చమత్కారముగా బదులిచ్చెను.

ఈ విషయమున తొందరపడి తీర్పు చెప్పుట న్యాయము కాదు. పన్నులు అందరును కట్టినవే. తమ ప్రతినిధి వలదన్నాడని ఆ ప్రాంతపు ప్రజలకు వంతెన లేకుండ చేయుట తగదు. శాసనము ఒకమారు అయిన పిమ్మట, తన నియోజకవర్గమునకు రావలసిన వాటాను అడుగుట సభ్యుని విధియే. అదియును గాక అమెరికాలో బిల్లులు వందలకొలది పుటలుండును. భోజనశాలల సహాయ ప్రతిపాదనను మొదట రూపొందించిన వారిలో విక్కర్ ఒకరు. ఒకటి రెండు మంచి అంశములున్నవని అంతటి వ్యయమును తాను ఒప్పుకొనజాలనని ఆయన సమాధానము. పామర్ కూడ ఆ రహదారి నిధులకై అంతకు మునుపే వేరుగా ప్రయత్నించియుండెను. అప్పు పెరుగునని భయపడి వలదనుట నిజాయితీగల వాదమే. దోషము వ్యతిరేకించుటలో లేదు, వాటా అడుగుటలోను లేదు. వ్యతిరేకించిన సంగతిని మరుగుపరచి, ఫలమును తన చేతులమీదుగా వచ్చినదానివలె చూపుటలోనే దోషము కలదు. ఓటరు తన ఓటుతో ఇచ్చెడి తీర్పునకు సత్యమైన సమాచారమే ఆధారము. ఆ ఆధారమును తొలగించుట ప్రజలను వంచించుటయే.

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ అదే అలబామా చరిత్రలో కలదు. టెన్నెసీ నదిపై, మజిల్ షోల్స్ చెంత ప్రభుత్వము నిర్మించిన ఆనకట్ట నుండి వచ్చు విద్యుత్తు ప్రజలకే చెందవలెనని ఏండ్ల తరబడి పోరాడినవాడు సెనేటరు జార్జి నారిస్. ఆయన ఆ ప్రాంతమువాడు కాడు. దూరముననున్న నెబ్రాస్కా రాష్ట్రమువాడు. ఆయన రిపబ్లికన్. ఆయన బిల్లులను 1928లో కూలిడ్జి, 1931లో హూవరు నిలిపివేసిరి. వారిద్దరును ఆయన పార్టీకి చెందిన అధ్యక్షులే. తుదకు 1933 మే 18న డెమోక్రాటు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు టెన్నెసీ లోయ సంస్థ చట్టముపై సంతకము చేసెను. ఆ నది నీరు నారిస్‌కు ఓటు వేసిన ఏ ఒక్కరి పొలమును తడుపదు. ఆ విద్యుత్తు వారి యిండ్లలో వెలుగదు. అయినను 1936లో పూర్తియైన ఆనకట్టకు ఆయన పేరే పెట్టిరి. యశస్సు ఆయనను వెదకికొని వచ్చినది.

నారిస్ పోరాటము గాని, తరువాతివారి ప్రకటనలకును ఓట్లకును గల వ్యత్యాసము గాని నేడు తెలియుచున్నదనిన, అది గ్రంథస్థమైన కారణముననే. అమెరికా చట్టసభల చర్చలు 1873 నుండి ప్రభుత్వ ప్రచురణగా వెలువడుచున్నవి. ప్రభుత్వ ప్రచురణలను ఎంపిక చేసిన గ్రంథాలయములందుంచి, ప్రజలకు ఉచితముగా చూపవలెనని ఆ దేశపు శాసనము. రైతు గాని, ఉపాధ్యాయుడు గాని అచ్చటికి పోయి తన ప్రతినిధి ఏ దినమున ఏ వైపు నిలిచెనో చూచుకొనవచ్చును.

శిలాఫలకము మీది పేరు దారినపోవు ప్రతివారి కంటను పడును. సభా దినచర్యలోని పేరును వెదకి చదువవలెను. ఆ రెండు పేర్లును ఒకటియో కావో తెలిసికొనుట పౌరుని పని. అందుకు కావలసిన పుస్తకమును భద్రపరచి, అడిగినవారికెల్ల చేతికందించుట గ్రంథాలయము పని.