కట్టడాల విశ్వసనీయత: భద్రతా గుణకం నుంచి న్యూరల్ నెట్‌వర్క్ వరకు

కట్టడం ఎంత భారం మోయగలదు, దానిపై ఎంత భారం పడుతుంది అనే రెండు ప్రశ్నలకూ కచ్చితమైన సమాధానం ఉండదు. కాంక్రీటు బలం ఒక్కో మిశ్రమానికి మారుతుంది. గాలి, భూకంపం ఎంత తీవ్రతతో వస్తాయో ముందుగా తెలియదు. ఈ అనిశ్చితిని పూర్వపు ఇంజనీర్లు భద్రతా గుణకం అనే ఒకే సంఖ్యతో ఎదుర్కొన్నారు. అనుభవం నుంచి పుట్టిన ఆ సంఖ్య, కట్టడం కూలే అవకాశం ఎంతో చెప్పలేదు.

జర్మనీలో మాక్స్ మేయర్ 1926లో వెలువరించిన గ్రంథం భద్రతను సంభావ్యతా దృష్టితో చూడాలని ప్రతిపాదించింది. 1947లో ఫ్రూడెంతాల్ వ్యాసం ఆ ఆలోచనకు బలం చేకూర్చింది. 1969లో కార్నెల్ విశ్వసనీయతా సూచికను నిర్మాణ నియమావళికి ఆధారంగా ప్రతిపాదించాడు. అయితే ఒకే సమస్యను వేర్వేరు సమీకరణాలుగా రాస్తే ఆ సూచిక విలువ మారేది. 1974లో హాసోఫర్, లిండ్ ఈ లోపాన్ని సవరించారు.

సంక్లిష్ట కట్టడాలకు మాంటే కార్లో పద్ధతి సహజమైన మార్గం. యాదృచ్ఛిక విలువలతో కట్టడాన్ని మళ్లీమళ్లీ విశ్లేషించి, ఎన్నిసార్లు విఫలమైందో లెక్కించడమే ఇందులోని సూత్రం. వైఫల్య సంభావ్యత పదివేలలో ఒకటైతే, పది శాతం సాపేక్ష దోషంతో దాన్ని అంచనా వేయడానికి సుమారు 10 లక్షల విశ్లేషణలు కావాలి. ఒక్కో విశ్లేషణకు ఒక నిమిషం పట్టినా మొత్తానికి దాదాపు రెండేళ్లు పడుతుంది.

న్యూరల్ నెట్‌వర్క్ ప్రవేశానికి ఈ భారమే కారణం. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ వ్యాసంతో బహుళ పొరల నెట్‌వర్క్‌కు శిక్షణనిచ్చే పద్ధతి విస్తృత ప్రచారం పొందింది. 1989లో అదేలీ, యే ఇంజనీరింగ్ రూపకల్పనకు పెర్సెప్ట్రాన్‌ను అన్వయించారు. 1996లో పాపద్రకాకిస్, పాపదోపులోస్, లాగరోస్ న్యూరల్ నెట్‌వర్క్‌ను మాంటే కార్లోతో జోడించారు. కొన్ని విశ్లేషణల ఫలితాలతో శిక్షణ పొందిన నెట్‌వర్క్, మిగిలిన వాటి ఫలితాలను తక్కువ వ్యవధిలో అంచనా వేస్తుంది.

ఇక్కడొక విషయం గమనార్హం. ఈ నెట్‌వర్క్ నేర్చుకునేది కూలిన కట్టడాల నుంచి కాదు, ఇంజనీరు ఎంచుకున్న గణిత నమూనా నుంచి. నమూనాలోని పొరపాటు నెట్‌వర్క్‌కూ సంక్రమిస్తుంది. పైగా వైఫల్యం అరుదు. శిక్షణ ఉదాహరణల్లో అధిక భాగం సురక్షిత స్థితులే అయితే సగటు దోషం స్వల్పంగా కనిపిస్తుంది. వైఫల్యపు సరిహద్దు వద్ద మాత్రం అంచనా తప్పవచ్చు. ప్రాణాలు ఆధారపడేది ఆ సరిహద్దు మీదే.

కాబట్టి ఈ చరిత్రలో న్యూరల్ నెట్‌వర్క్ తగ్గించినది గణన శ్రమను మాత్రమే. ఏ అనిశ్చితిని లెక్కలోకి తీసుకోవాలి, ఎంత ప్రమాదాన్ని అంగీకరించాలి అనే నిర్ణయాలు మేయర్ కాలంలో వలెనే నేడూ మనిషి బాధ్యతలే.