చెరువు కాచినవారు: విల్లియనూరు చరిత్రలో ఒక పుట

మన పెద్దలు సప్తసంతానములని లెక్కించిన ఏడింటిలో తటాకము ఒకటి, ప్రబంధము మరియొకటి. పుత్రుడు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము తక్కిన అయిదు. చెరువును కావ్యమును తోబుట్టువులుగా ఎంచిన ఈ భావనలో ఒక సూక్ష్మమున్నది. సంతానము కన్నంత మాత్రమున నిలువదు; పెంచి కాపాడవలెను. చదువువారు లేని కావ్యము చెదల పాలగును. కాచువారు లేని చెరువు పూడి బీడగును. ఐనను చరిత్ర ఈ ఇరువురిని సమానముగా చూడలేదు. చెరువు త్రవ్వించినవాని పేరు శాసనమున కెక్కినది. ఏటేట పూడిక తీసి, గండి పూడ్చి, తూము కాచినవాని పేరు ఏ రాతి మీదను కానరాదు. ఈ రెండవవాని జాడ వెదకుటకు పుదుచ్చేరి ప్రాంతమునందలి విల్లియనూరు తగిన చోటు.

పుదుచ్చేరి పట్టణమునకు పడమట, శంకరాపరణి నదికి చేరువలో వెలసిన ప్రాచీన గ్రామము విల్లియనూరు. అచ్చటి తిరుకామేశ్వరుని ఆలయమునకు ఎంత ప్రసిద్ధియో, 19వ శతాబ్దిలో వెలసిన లూర్దుమాత దేవాలయమునకును అంత ప్రసిద్ధి. శివాలయమునకు వలెనే ఆ క్రైస్తవ దేవాలయము ముందును కోనేరు ఉండుట గమనింపదగినది. దైవము ఎవరైనను, నీరు లేని గుడిని ఈ నేల ఊహింపలేదు.

ఈ విల్లియనూరు పరిధిలోనిదే ఊసుడు చెరువు. పుదుచ్చేరి ప్రాంతమునందలి చెరువులలో ఇదియే పెద్దది. పట్టణమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, కొంతభాగము పుదుచ్చేరిలోను, కొంతభాగము తమిళనాడునందలి విలుప్పురము జిల్లాలోను పరచుకొనియున్నది. శంకరాపరణి నీరు సుత్తుకేణి కాలువ వెంట దీనిని చేరును. నేల మీది సరిహద్దు ఈ చెరువును రెండు ప్రభుత్వములకు పంచినది గాని, నీటికిని పక్షికిని ఆ గీత తెలియదు.

విల్లియనూరు పేరు తెలుగువారి చరిత్రతో ముడివడిన ఐతిహ్యమొకటి కలదు. శ్రీకృష్ణదేవరాయలు విల్లియనూరు దిక్కునకు పయనించుచు, సాయంసంధ్యవేళ దీపకాంతులతో వెలుగుచున్న ఒక భవనమును చూచి, దేవాలయమని భ్రమించి చేతులు మోడ్చెనట. అది ఆయి అను వేశ్య నివాసమని పిదప తెలిసి, ఆగ్రహించి, దానిని నేలమట్టము చేయుడని ఆజ్ఞాపించెనట. ఆ పనిని తన చేతనే చేయింపుమని ఆయి వేడుకొన్నది. ఇల్లు పడగొట్టించి, ఆ చోటనే జనులకొరకు చెరువు త్రవ్వించినది. శతాబ్దముల తరువాత ఫ్రెంచివారు ముత్తిరైయర్‌పాళయము నుండి పుదుచ్చేరి పట్టణమునకు మంచినీరు తెచ్చినపుడు ఈ కథ మూడవ నెపోలియను చెవి సోకెననియు, అతడు ఆమె పేర మండపము కట్టించెననియు చెప్పుదురు. నేటికిని పట్టణము నడుమ భారతి ఉద్యానమున ఆ తెల్లని ఆయి మండపము నిలిచియున్నది. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నముపై ఉన్నదియు అదియే.

ఈ కథలో రాజు ఆజ్ఞ ఇల్లు కూల్చినది. ఒక స్త్రీ సంకల్పము నీరు నిలిపినది. ఐనను ఆ చెరువు అన్ని తరములు బ్రతుకుటకు కారకులైనవారు కథలో ఎచ్చటను లేరు. ఐతిహ్యము సైతము దాతనే స్మరించినది.

రాయలను నీటి విలువ ఎరుగని ప్రభువుగా తలచుట అన్యాయమగును. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలో చెరువులు, కాలువలు కల్పించి ప్రజల సాగు పెంపొందించుట రాజధర్మముగా చెప్పబడినది. విజయనగర సమీపమున ఆయన తలపెట్టిన మహాతటాక నిర్మాణమును పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ కన్నులార చూచి వర్ణించెను. రాయలకు పూర్వమే, 1369లో, కడప సీమయందలి పోరుమామిళ్ళ చెరువు శాసనము మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పింపవలసిన ఆరు దోషములను లెక్కించినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు శ్రమించిన సంగతియు అందు కలదు. కూలీల సంఖ్య శాసనమున కెక్కినది, పేర్లు ఎక్కలేదు.

చెరువు కట్టుట రెండేండ్ల పని. కాచుట తరతరముల పని. ఆ పనికి గ్రామములు తామే ఏర్పాట్లు చేసికొన్నవి. రాయలసీమలో చెరువు మరమ్మతునకు దశబంధ ఇనాములు ఉండెడివి. నీటిని వంతుల ప్రకారము పంచుటకు నీరుగంటి ఉండెను. తమిళసీమలో ఇంటింటివారును కూలి లేక వచ్చి పూడిక తీయు ఆచారమును కుడిమరామత్తు అనిరి. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కాలమున ఇది మరియొక రూపు దాల్చినది. ఆయకట్టు రైతులు సంఘముగా ఏర్పడి, కేస్ కమ్యూన్ అను ఉమ్మడి నిధికి ధనము చెల్లించి, దానితో చెరువులను బాగుచేసికొనుచుండిరి. పేరు ఫ్రెంచి పేరు. పని మాత్రము ఈ నేల ఎరిగినదే.

1954లో ఫ్రెంచి పాలన ముగిసి, 1962లో విలీనము చట్టరీత్యా పూర్తియైన పిమ్మట చెరువుల భారము క్రమముగా ప్రభుత్వ శాఖలకు మారినది. అదే కాలమున గొట్టపుబావులు వ్యాపించినవి. ఎవరి పొలమున వారికి నీరు దొరకినపుడు ఉమ్మడి చెరువు ఎవరికి కావలెను? సంఘములు నీరసించినవి, కాలువలు పూడినవి. భూగర్భజలము అడుగంటి, తీరప్రాంతమున ఉప్పునీరు లోనికి చొచ్చినపుడు గాని పోగొట్టుకొన్న దేమియో తెలియరాలేదు. 1999లో యూరోపియను యూనియను సహాయముతో పుదుచ్చేరి చెరువుల పునరుద్ధరణ పథకము ఆరంభమైనది. ఈ ప్రాంతపు 84 చెరువులు దాని లక్ష్యము. పూడిక తీయుటతో సరిపెట్టక ఊరూర చెరువు సంఘములను మరల నిలిపి, భూమి లేనివారిని, స్త్రీలను సైతము అందు చేర్ప యత్నించుట దాని విశేషము. పాత సంఘము భూస్వాముల సంఘము. చెరువు మాత్రము పశువులు తోలువానిది, చేపలు పట్టువానిది, బట్టలుతుకు స్త్రీది కూడ.

వీరితోపాటు చెరువునకు మరియొక హక్కుదారు కలదు: పక్షి. ఊసుడు చెరువునకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, బొల్లికోళ్ళు, దూరదేశముల బాతులు వచ్చును. పక్షిని కాచుట క్రొత్త చదువులు నేర్పిన దయ అని తలచువారు వేడంతాంగలు చరిత్ర చూడవలెను. విల్లియనూరునకు ఉత్తరమున, చెంగల్పట్టు సీమలో ఉన్న ఆ గ్రామస్థులు, సిపాయిలు పక్షులను కాల్చుట సహింపక, 1798 ప్రాంతమున కలెక్టరు లయొనెల్ ప్లేస్ వద్ద మొరపెట్టుకొని రక్షణపత్రము పొందిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలమునకు ఎరువని వారెరుగుదురు. తెలుగునాట నేలపట్టులోను, శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను గ్రామస్థులు పక్షులను ఇంటి ఆడపడుచుల వలె ఆదరించుట ఇట్టిదే. ఇచ్చట లాభమునకును ప్రేమకును విరోధము లేదు.

ఊసుడు చెరువున వేట పెచ్చు పెరిగినపుడు పుదుచ్చేరి ప్రాంతపు ప్రకృతి ప్రియులు, యువకులు పక్షులను లెక్కించి, వేటను అడ్డగించి, రక్షణకొరకు పట్టుబట్టిరి. పుదుచ్చేరి ప్రభుత్వము 2008లో తన భాగమగు సుమారు 390 హెక్టార్లను పక్షి రక్షితకేంద్రముగా ప్రకటించెను. తమిళనాడు 2015లో తన భాగమును అట్లే చేసెను. రెండు ప్రభుత్వములు చెరువును ఒక్కటిగా చూచుటకు పక్షులే కారణమైనవి.

కాని చట్టముతో కథ ముగియదు. వేటకానికిని, తరతరములుగా వల వేసి బ్రతుకు బెస్తవానికిని చట్టము ఒకే గిరి గీయవచ్చును. కొల్లేరు అనుభవము మన కన్నులయెదుట ఉన్నది. 1999లో అది అభయారణ్యమైనది. చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వము పగులగొట్టించినది. పెట్టుబడిదారునితో పాటు చిన్న మత్స్యకారుడును ఆ దెబ్బ తిన్నాడు. వివాదము మాత్రము చల్లారలేదు. ఊరిని వెలుపల నిలిపి చెరువును కాచుట కాపలా యగును గాని పోషణ కాదు. ఊసుడు చుట్టును పట్టణము పెరుగుచున్నది. ఇండ్లస్థలములు, మురుగునీరు, గుర్రపుడెక్క ఏ ప్రకటనకును బెదరునవి కావు. నిత్యము గట్టు మీద నడుచువాడు తన చెరువని తలచిననే వాటిని చూచును, చూచి చెప్పును.

తటాకప్రతిష్ఠ చేసిన ప్రభువులను మన కవులు వేనోళ్ళ కొనియాడిరి. అది తప్పు కాదు, సగము మాత్రమే. వేడంతాంగలు మొరపెట్టుకొన్న రైతులు, కేస్ కమ్యూనుకు రూకలు చెల్లించిన ఆయకట్టుదారులు, ఊసుడు గట్టున పక్షులను లెక్కించిన యువకులు ఆ తక్కిన సగము. చెరువు ప్రబంధమునకు తోబుట్టువైనచో, ఈ సగమును వ్రాయుట ప్రబంధము తీర్చవలసిన ఋణము.